నెత్తిన మరిచిన సూది

రాయపూర్‌లో సాయంత్రం లోకల్ ఎక్కాను. ఉర్కురా దాటి మాంఢర్ వచ్చేసరికి కిటికీలోంచి దుమ్ము కొడుతోందని చున్నీ నెత్తిమీదికి లాక్కుంటే, దారం దేనికో తగులుకుంది. వేళ్లతో తడిమాను. నడినెత్తిన జుట్టులో సన్నటి తీగలాంటిది నిటారుగా నిలబడి ఉంది. లాగితే వచ్చేసింది. నొప్పి లేదు, నెత్తురు చుక్క లేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తే సూది! గంటన్నర కిందట నా ఒంట్లో గుచ్చిన పదకొండింటిలో ఒకటి. పది తీసేసి, జుట్టు చాటున ఉన్నదాన్ని మరిచిపోయి నన్ను ఇంటికి పంపించేశారు.

ఎదుటి సీట్లో, కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపతో ఊరికి పోతున్న ముసలావిడ ఇదంతా చూస్తోంది. "కా హోగే నోనీ?" అంది. ఏమైందమ్మాయీ అని. సూది చూపించాను. "మూడ్ మా సూజీ?" అని నోరు తెరిచింది. ఛత్తీస్‌గఢీలో మూడ్ అంటే తల. తలలో సూదా అని ఆవిడ అడుగుతోంది. మనం "మూడ్ బాగోలేదు" అంటామే, ఆ మూడ్ కోసమే పొడిపించుకున్నానని ఆవిడకి ఎలా చెప్పను? "నీంద్ నఇ ఆవయ్ దాయీ" అన్నాను. నిద్ర రావట్లేదమ్మా అని. అంతే, ఇంకేమీ అడగలేదు. తనకీ అంతేనని తల ఊపి, గంప ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

మూడింటి గూడ్సు

మేం ఉండేది తిల్దాలో. కాగితాల మీద తిల్దా-నేవరా అని రెండూళ్లనీ కలిపి రాస్తారు. రాయపూర్‌కీ బిలాస్‌పూర్‌కీ మధ్య, ముంబయి-హౌరా పెద్ద లైను మీద ఉంది. రైసు మిల్లులు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, పాత మిషన్ ఆస్పత్రి ఊరి గుర్తులు. వడ్లు ఉడికే వాసన తెల్లవారకముందే వీధిలోకి వస్తుంది. డాబా మీద తెల్లబట్టలు ఆరేసుకుంటే ఊక మసి రాలి చుక్కల చీరలైపోతాయి.

ఇక్కడికి తెలుగువాళ్లెలా వచ్చారని అడిగేవాళ్లకి ఒకటే జవాబు: రైలు తెచ్చింది. 1887లో పుట్టిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే నాలుగేళ్లలో నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు పరిచింది. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా లైను పడ్డాక విజయనగరం, శ్రీకాకుళం పల్లెలకి ఈ దేశం ఒక రాత్రి ప్రయాణమైంది. మా నాన్న ఆ దారినే వచ్చి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టాను. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం మమ్మల్ని తిల్దాకి తెచ్చింది.

కిందటేడు మా అమ్మ పోయింది. పెద్ద వయసే, ఆస్పత్రి మంచం మీద కాకుండా ఇంట్లోనే పోయింది, అందరూ అదృష్టవంతురాలన్నారు. కర్మకాండలు అయ్యేదాకా నేనూ బాగానే ఉన్నాను. నెల తిరిగాక మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి గూడ్సు బండి ఊరు దాటుతుంటే మెలకువ వచ్చేది. పాతికేళ్లుగా ఆ బండ్లు పోతూనే ఉన్నాయి, ఎన్నడూ నన్ను లేపలేదు. ఇప్పుడు లేచీ లేవగానే గుండె దడ. మెడ వెనక చెమట. ఏదో వార్త రాబోతోందన్న భయం, రావలసిన వార్త ఎప్పుడో వచ్చేసినా సరే.

బీపీ చూశారు. థైరాయిడ్ చూశారు. ఈసీజీ తీశారు. అన్నీ బాగున్నాయన్నారు. గ్యాస్ మాత్ర రాసిచ్చారు. మన దేశంలో దిగులుకి మొదటి మందు గ్యాస్ మాత్రే అని నా అభిప్రాయం. దాన్ని దాటి రాయపూర్‌లో మానసిక వైద్యుడి గుమ్మం ఎక్కడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అదీ మా ఆయన సెలవు పెట్టి, బండి ఎక్కించి తీసుకెళితే. మాత్ర మొదలుపెట్టాక పగటి దడ చాలావరకు పోయింది. మూడింటి మెలకువ మాత్రం పోలేదు.

పక్కింటి దీదీ తన మోకాళ్ల కోసం రాయపూర్‌లో సూదుల వైద్యానికి వెళ్లేది. "మోకాలు సంగతి దేవుడెరుగు, నిద్ర మాత్రం బాగా పడుతోంది" అంది ఓ రోజు. ఆ మాట పట్టుకున్నాను. విజయనగరంలో ఉన్న అక్కకి ఫోన్లో చెబితే, "మనసు బాగోపోతే సూదులేటే? నీకు మతి గాని పోనాదేటి?" అంది. నా డాక్టరుని అడిగాను. ఆయన నవ్వి, "సూదులతో నాకు గొడవ లేదు. నన్నడక్కుండా మాత్ర మానేస్తేనే గొడవ" అన్నారు.

కడుపు తరుక్కుపోయే భాష

మన మాటలే చూడండి. బెంగ పెట్టుకుంటే గుండె జారిపోతుంది. జాలేస్తే కడుపు తరుక్కుపోతుంది. భయమేస్తే కాళ్లు చల్లబడతాయి, అవమానమైతే తల కొట్టేసినట్టవుతుంది. తెలుగులో మనసుకి వచ్చే కష్టమంతా ఒంటిమీదే జరుగుతుంది. ఇక్కడి పల్లెల్లోనూ అంతే: "జీ ఘబరావత్ హే" అంటారు, ప్రాణం గాభరా పడుతోందని. ఆ మాటతో మొదట వెళ్లేది ఊళ్లో మంత్రం వేసే బైగా దగ్గరికి. ఆయన ఝాడ్-ఫూంక్ చేస్తాడు, వేపరెమ్మతో దిష్టి తీస్తాడు. అక్కడ తగ్గకపోతే ఇంజక్షన్ డాక్టరు. మానసిక వైద్యుడు ఈ వరసలో చిట్టచివర ఉంటాడు, అదీ ఉంటే.

బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకి 12 రాష్ట్రాలను ఎంచుకున్నారు, వాటిలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. వాళ్లలో చికిత్స అందనివాళ్లు, రుగ్మత రకాన్ని బట్టి, 70 నుంచి 92 శాతం. ఈ రెండో అంకె చదివి నేను చాలాసేపు అలా ఉండిపోయాను. అయిదు నెలలు గ్యాస్ మాత్రలు మింగిన నేనూ ఆ లెక్కలోని మనిషినే.

సూదుల గదికి ఇలాంటి చోట గిరాకీ ఎందుకుంటుందో నాకు అక్కడ బల్ల మీద కూర్చున్నప్పుడు తెలిసింది. "మనసు బాగోక వచ్చాను" అని ఎవరూ ఒప్పుకోనక్కరలేదు. మెడనొప్పి అని రావచ్చు, పార్శ్వపు నొప్పి అని రావచ్చు. నాతోపాటు బయట కూర్చున్న అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లు. అందరూ ఏదో ఒక నొప్పి పేరే చెప్పారు. మాటలు సాగాక ఇద్దరు నిద్ర సంగతి ఎత్తారు. ఒంటి మీదుగా మనసులోకి తెరుచుకున్న దొడ్డిదారి అది. దొడ్డిదారని నేనేమీ చిన్నచూపు చూడటం లేదు. మా పాతింట్లో అందరం దొడ్డివైపు నుంచే వచ్చేవాళ్లం, వీధి తలుపు తీసేది చుట్టాలొచ్చినప్పుడే.

బొట్టు తీసెయ్

సూదులు గుచ్చేది కలకత్తాలో నేర్చుకున్న బెంగాలీ ఆవిడ. అరవై దాటి ఉంటుంది. సూది తీయడానికి ముందు ముప్పావుగంట ప్రశ్నలే. ఎన్నింటికి మెలకువ వస్తుంది? లేచాక దాహం వేస్తుందా? చెమట ఛాతీ మీదా, మెడ మీదా? చేతులు చల్లగా ఉంటాయా? ఏ మాత్రలు వాడుతున్నావు? రక్తం పలచబడే మందులున్నాయా? నాలుక చాపమంది. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. మా తాతకి నాడి చూసిన ఆయుర్వేదం ఆయన గుర్తొచ్చాడు. అమ్మ పోయిందని ఎక్కడ చెప్పానో నాకు గుర్తులేదు. దాహం గురించి అడుగుతుంటే మధ్యలో ఎక్కడో వచ్చేసింది.

"బొట్టు తీసెయ్" అంది. అలవాటు లేని మాట, ఒక్క క్షణం చెయ్యి రాలేదు. స్టిక్కరు తీసి ఫోను వెనక అంటించుకున్నాను. కనుబొమల నడుమ, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట ఒక సూది పడుతుందట. చైనా వాళ్లు ఆ చోటుని యిన్‌తాంగ్ అంటారు.

సూదుల పొట్లం నా కళ్లముందే చించింది. ఒకసారి వాడి పారేసేవి, స్టీలువి. లావు పావు మిల్లీమీటరు. రక్తం తీసే సూది దీనికి మూడింతలు ఉంటుంది, పైగా అది లోపల బోలు, ఇది గట్టి తీగ. ప్రతి సూదికీ చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడుగు. గొట్టాన్ని చర్మం మీద ఆనించి, పైకి కాస్త పొడుచుకొచ్చిన పిడి మీద చూపుడువేలితో టక్కున ఒక్క తట్టు. అంతే, దిగిపోయింది. చీమ కుట్టినంత కూడా లేదని రాద్దామనుకున్నాను గానీ అబద్ధమవుతుంది. పాదాల మీద, బొటనవేలి పక్క సందులో గుచ్చినవి చుర్రుమన్నాయి.

అసలు విషయం గుచ్చాక వస్తుంది. పిడిని రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ కొంచెం తిప్పి, "ఏమైనా తెలుస్తోందా?" అని అడుగుతుంది. మొదట ఏమీ లేదు. ఆ తర్వాత చర్మం కింద ఎక్కడో లోతులో బరువుగా, తిమ్మిరికీ నొప్పికీ మధ్య ఒకటి మొదలై, నూనె చుక్క కాగితం మీద పాకినట్టు పాకింది. మోచేయి గోడకి కొట్టుకుంటే జిల్లుమంటుందే, దాని పెద్దక్క లాంటిది, నిదానస్తురాలు. దీన్ని దె-చీ అంటారు. అది వస్తేనే సూది సరైన చోట పడినట్టు లెక్క.

మణికట్టు ముడత మీద చిటికెనవేలి వైపు ఒకటి, ముడతకి మూడు వేళ్ల పైన ఇంకొకటి, చీలమండకి పైన ఒకటి, పాదం మీద ఒకటి. ఇవి రెండు వైపులా. నుదుట ఒకటి, నడినెత్తిన ఒకటి, ఎడమ చెవి పైభాగంలో ఒకటి. దీపం తగ్గించి, "పాతిక నిమిషాలు కదలకు" అని వెళ్లిపోయింది.

గోడ అవతల ఎవరో దగ్గుతున్నారు. ఫ్యాను ఒక రెక్క దగ్గర కిర్రుమంటోంది. ఓ పది నిమిషాలకి కాబోలు, ఏడుపు వచ్చింది. వెక్కిళ్లేమీ లేవు. నీళ్లు కారి, కణతల మీదుగా చెవుల్లోకి దిగుతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ సూదులు. తుడుచుకోలేక అలా కారనిచ్చాను. అమ్మ పోయినప్పట్నుంచీ నేను ఏడవలేదని కాదు. ఏడ్చిన ప్రతిసారీ వెంటనే తుడుచుకున్నాను. ఎవరో ఒకరు వస్తారు, పాలవాడో, పనమ్మాయో, ఫోనో. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో పట్టపగలు పాతిక నిమిషాలు ఎవరికీ దేనికీ పలకకుండా పడుకోవడం, పురుళ్లు మినహాయిస్తే, ఇదే మొదటిసారేమో. ఆ పాతిక నిమిషాలకి అయిదు వందలు తీసుకుంది. ఇందులో సూదుల వంతు ఎంత, పడుకోబెట్టినందుకెంత అని నేను లోకల్ బండిలో లెక్కవేస్తూండగానే చున్నీ తగులుకుంది.

షోలాపూర్ నుంచి చైనాకి

ఆవిడ గోడమీద ఒక పాత ఫొటో ఉంది. గుండ్రటి మొహం, నిండు యౌవనం. ఎవరని అడిగితే "కోట్నిస్ తెలీదా?" అని నొచ్చుకుంది. తెలుసు. 1946లో శాంతారాం తీసిన సినిమా పుణ్యమా అని మా నాన్న తరానికైతే మరీ బాగా తెలుసు. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ పుట్టింది షోలాపూర్‌లో, మన పద్మశాలీల మగ్గాల చప్పుడుతో సగం తెలుగూరైపోయిన షోలాపూర్‌లో. జపాన్ దాడిలో నలుగుతున్న చైనాకి 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో ఆయనొకడు. 1942 డిసెంబరులో 32 ఏళ్లకే అక్కడే కన్నుమూశాడు.

సూదిని మన దేశానికి తెచ్చింది మాత్రం ఆయన కాదు. ఆ అయిదుగురిలోనే మరొకడు, కలకత్తా డాక్టరు బిజయ్ కుమార్ బసు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆయన 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. మన దగ్గర ఈ విద్యకి బెంగాలీ యాస ఎందుకుందంటే, ఇదీ సంగతి. 1996లో దీనికోసం పశ్చిమ బెంగాల్ ఏకంగా చట్టమే చేసింది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ దీన్ని స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రకృతి వైద్య కళాశాల ఉందిగా, అలాంటి చోట్ల చదివే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీలోనూ ఆక్యుపంక్చర్ ఒక పాఠం.

అమెరికా వాళ్లకి ఇది తెలిసొచ్చిన తీరు తమాషా. 1971లో పీకింగ్ వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. తర్వాత పొట్ట ఉబ్బరానికి అక్కడి డాక్టరు మోచేతిలోనూ మోకాళ్ల కిందా సూదులు గుచ్చాడు. రెస్టన్ అది పత్రికలో రాశాడు, దేశమంతా చదివింది. మరో మూడేళ్లకి న్యూయార్క్ పేదపేట దక్షిణ బ్రాంక్స్‌లో, లింకన్ ఆస్పత్రిలో, మత్తుమందుల నుంచి బయటపడాలనుకునేవాళ్లకి చెవుల్లో సూదులు పెట్టడం మొదలైంది. తర్వాత స్థిరపడిన పద్ధతిలో ఒక్కో చెవికి అయిదు. పదిమందీ ఒకే గదిలో కుర్చీల్లో కూర్చుంటారు. ఎవరూ ఎవరికీ కథ చెప్పుకోనక్కరలేదు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిందీ అదే. నోరు విప్పితేగానీ సాయం దొరకదంటే, ఆ దేశంలోనైనా ఈ దేశంలోనైనా చాలామంది సాయం లేకుండానే ఉండిపోతారు.

పని చేస్తుందా మరి?

ఈ ప్రశ్నకి సూటి జవాబు కావాలని నేనూ వెతికాను. ఉత్తర ఇంగ్లండ్‌లో డిప్రెషన్ ఉన్న 755 మందిని మూడు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టుకి వారానికొకటి చొప్పున 12 విడతల దాకా సూదులు, ఒక జట్టుకి కౌన్సెలింగ్, మూడోవాళ్లకి మామూలుగా జరిగే వైద్యమే. 2013లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలయ్యేసరికి మొదటి రెండు జట్లూ మూడోవాళ్లకన్నా నయంగా ఉన్నాయి. సూదికీ మాటకీ మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2018లో కోక్రేన్ సంస్థ 64 పరిశోధనల్ని, 7,104 మంది వివరాల్ని ఒకచోట పోగేసి తూచింది. ఏ చికిత్సా లేకపోవడంతో పోలిస్తే సూదులతో కొంత మేలు కనిపించింది. ఉత్తుత్తి సూదులతో పోలిస్తే ఆ మేలు చిక్కిపోయింది. ఆధారాల నాణ్యత తక్కువ, గట్టిగా ఏమీ చెప్పలేమని వాళ్లే రాశారు.

ఉత్తుత్తి సూదుల్లో ఒక రకం మన నాటకాల కత్తి లాంటిది. గుచ్చినట్టే ఉంటుంది, మొన వెనక్కి పిడిలోకి పోతుంది. దాంతో కూడా మనుషులకి నెమ్మదిస్తోందంటే, చర్మం కిందికి ఏది దిగిందన్నదానికన్నా ఆ గదిలో జరిగే మిగతా తతంగానికే ఎక్కువ బలం ఉండొచ్చు. నాకైతే ఇందులో చిన్నతనమేమీ తోచలేదు. ముప్పావుగంట ప్రశ్నలడిగిన డాక్టరు నా జన్మలో వేరే లేడు. బయట వందమంది కూర్చున్న సర్కారు డాక్టరుని ఆ ముప్పావుగంట అడగడం కూడా అన్యాయమే.

అయితే ఈ నమ్మకానికి ఒక గట్టు ఉండాలి. 2024 ఫిబ్రవరిలో తిరువనంతపురంలో ఆస్పత్రికి పోకుండా ఆక్యుపంక్చర్ వైద్యుణ్ణి నమ్ముకుని ఇంట్లో పురుడు పోసుకోబోయి ఒక తల్లీ బిడ్డా పోయారు. ఆ వైద్యుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. అన్ని మాత్రలూ ఆపేయండి, సూదులు చూసుకుంటాయి అనే మనిషి ఎదురైతే చెప్పులేసుకుని బయటికొచ్చేయడమే. డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాదు, మానినందుకే తల తిరగడం, గాభరా వేరే వస్తాయి. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చేవాళ్లకి సూదుల కోసం వారం ఆగే తీరిక లేదు. 14416కి ఫోన్ చేస్తే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కరలేదు. నా ఫోన్లో ఆ నంబరు 'అమ్మ' అన్న పేరు కింద ఉంది. ఆ పేరు తీసెయ్యడం ఇష్టంలేక, కింద ఇది చేర్చాను.

ఎగారో

మరుసటి వారం ఆ సూదిని కాగితంలో చుట్టుకుని పట్టుకెళ్లాను. ఆవిడ చేతిలో పెట్టాను. మొహం తెల్లబోయింది. బుకాయించలేదు, "ఏం కాలేదుగా" అని తేల్చేయలేదు. రెండు చేతులూ పట్టుకుని తప్పయిపోయిందంది. నెత్తిన కాబట్టి సరిపోయింది, వీపునో ఛాతీ పైనో మరిచి, అది లోపలికి నొక్కుకుంటే ఊపిరితిత్తికే చిల్లు పడొచ్చు. అది ఆవిడే చెప్పింది, నేనడక్కుండానే. ఆ రోజు నుంచి గోడమీద చిన్న పలక వేలాడదీసింది. గుచ్చగానే సుద్దతో అంకె వేస్తుంది. తీసేటప్పుడు పైకి లెక్కపెడుతుంది, బెంగాలీలో: ఎక్, దుయ్, తిన్. నేను లోపల తెలుగులో ఆవిడ వెంట నడుస్తాను.

ఇప్పటికి ఎనిమిది విడతలైంది. మూడింటి గూడ్సు వారంలో ఏడు రోజులూ లేపేది, ఇప్పుడు రెండు మూడు రోజులే లేపుతోంది. సూదులా, మాత్రా, అమ్మ సంవత్సరీకం అయిపోవడమా, వారానికొక పూట తిల్దా దాటి ఒక్కదాన్నే రైలెక్కి పోవడమా, దేనివల్ల అని ఎవరైనా అడిగితే తెలీదనే చెబుతున్నాను. మాత్ర మోతాదు తగ్గించే సంగతి వచ్చే నెల చూద్దామన్నారు డాక్టరు. అక్క ఫోన్ చేసి, "ఒసే, ఆ సూదులు మోకాళ్లకి గాని పనిచేస్తాయేటే?" అని అడిగింది. తనకి మోకాళ్లు బాగానే ఉన్నాయి. బావ పోయి ఏణ్ణర్థం అయింది.

మొన్నటి విడతలో ఆవిడ తీస్తుండగానే కునుకు పట్టేసింది. శాత్ దాకా విన్నాను, ఆ పైన ఏమీ వినలేదు. భుజం తట్టి లేపి, "ఎగారో. పదకొండూ వచ్చేశాయి" అని పలక చూపించింది. సరేనని లేచి, ఫోను వెనక నుంచి బొట్టు తీసి పెట్టుకున్నాను. మెట్లు దిగుతూ, ఎందుకైనా మంచిదని, నెత్తి ఓసారి తడుముకున్నాను.